కింది అర

...అయినా ఏమని అడగాలి దేవుణ్ణి? ‘ప్రభువా’ అన్నంతవరకూ వస్తోంది. ఆ తర్వాత మాట కుదరడం లేదు. దారిపొడుగునా ఎన్నిసార్లు మొదలుపెట్టినా సవేతకి అంతే అయింది. చర్చి ఆవరణలోకి వచ్చాక మాత్రం ఏడేళ్ళ అలవాటుకొద్దీ చేతులు వాటి పని అవి చేశాయి. రేకు పెట్టెలో పై అర బతికున్నవాళ్ళకి, కింది అర పోయినవాళ్ళకి. వంగి, కింది అర ఇసుకలో భర్త ఇలారియె పేరున కొవ్వొత్తి వెలిగించింది. భర్త పోయినవాళ్ళు కట్టుకునే నల్ల తలగుడ్డ సర్దుకుంది.

కొవ్వొత్తులమ్మే తాసియా కిటికీలోంచి కేకేసింది, సవేతని కాదు, పక్కన వంగిన ముసలాయన్ని.

“గ్రిగోరె మావా, మీ ఆవిడ ఇంట్లో నిక్షేపంలా ఉంటే కింద పెడతావేం? అంత తొందరగా ఉందా?”

“కళ్ళజోడు మర్చిపోయానే.”

“బతికున్న మనిషికి కింద వెలిగిస్తే ఆయుష్షు తరిగిపోతుంది. ముందు పైన పెట్టు.”

ఆయన నవ్వుతూ కొవ్వొత్తి మార్చి వెళ్ళిపోయాడు. సవేత గోడకి ఆనుకుంది.

“బుధవారం పూట వచ్చావేం సవేతా?” అంది తాసియా.

“నిన్న ఇటలీ నుంచి ఫోనొచ్చిందక్కా. గుండె కోసి ఆపరేషన్ చేస్తారట. ఇవాళ మన టైములో పదింటికి. బతకడం కష్టమన్నారట.”

“ఎవరికి?”

“అటు తరఫు మనిషికి.”

“ఇలారియె తరఫా? ఏటేటా అతను పోయిన రోజున అతని పేరున నువ్వు గోధుమలు వండి పంచుతావు, ఒక్కడైనా తొంగిచూశాడా? అక్కడే మట్టిచేసి, నీకు సమాధి కూడా లేకుండా చేశారు. వాళ్ళ కోసం పరిగెత్తుకొచ్చావా?”

“ఫోను ఎవరో ఆడమనిషి చేసింది. మన రొమేనియన్‌లోనే మాట్లాడింది. తనకి ప్రార్థన చేయడం రాదట. మీరు చేస్తారా అని ఏడ్చింది.”

“ఏమన్నావు?”

“ఫోను పెట్టేశాను.”

ఆమెది అంత చిన్నవయసు గొంతని సవేత అనుకోలేదు. ఫోను పెట్టేశాక కూడా ఆ ఏడుపు వంటింట్లోనే ఉండిపోయినట్టనిపించింది. తనది కాక ఇంకో మనిషి ఏడుపు ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో. ఇలారియె ఇక లేడని తను చెప్పిన రోజున ఊరంతా ఆ ఇంటికొచ్చింది. అంతమంది మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ తర్వాత ఎవరు పలకరించినా ఆ దుఃఖాన్నే పలకరించారు. పెళ్ళిళ్ళలో ఓ కుర్చీ, పండక్కి ఓ గిన్నెడు పులుసు, తాసియా కిటికీ దగ్గర ఈ నాలుగు మాటలు, అన్నీ ఆ నల్లగుడ్డ తెచ్చినవే. అది తీసేస్తే తనకి మిగిలే మనిషంటూ ఎవరు?

“నీ మనసు మంచిదే,” అని తాసియా మెత్తబడి ఓ కొవ్వొత్తి చాపింది. “ఇదుగో, పైన పెట్టు. ఆ మనిషి పేరు చెప్పు, ఫాదర్‌గారి చేత ప్రార్థనలో చదివిస్తాను.”

సవేత చెయ్యి చాపలేదు. గోడ గడియారంలో పదికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

“ఇంకోటి అక్కర్లేదక్కా.”

“అదేమిటి?”

తాసియా కిటికీలోంచి తల పూర్తిగా బయటపెట్టి చూస్తోంది.

“ప్రభువా,” అంది సవేత, ఈసారి పైకే.

వంగి, ఇలారియె కొవ్వొత్తిని తీసి పై అరలో గుచ్చింది.