ఏమీ మార్చని మనిషి

"ఈవిడ వద్దు," అన్నారు గురువుగారు, తలుపు ఇంకా పూర్తిగా మూసుకోకముందే.

క్లబ్బు కార్యదర్శి తెల్లబోయాడు. ఇప్పుడే బయటికి వెళ్ళినావిడ రెండు జట్లను అట్టడుగునుంచి పైకి లాక్కొచ్చిన మేనేజర్. లోపలికి వస్తూనే, "మీ ఎడమవైపు డిఫెన్స్‌కి వయసైపోయింది సార్. ఎవరూ కనిపెట్టకపోవడం మీ అదృష్టం. కనిపెట్టిన రోజున గోల్స్ లెక్కపెట్టుకోవడమే," అంది. పాతికేళ్ళుగా ఆ జట్టును నడుపుతున్న గురువుగారి మొహం మీదే అంది.

"నోటికి కాస్త పదునెక్కువేలే," అన్నాడు అధ్యక్షుడు. ఆయనది టైల్స్ వ్యాపారం. గెలిచినప్పుడు ఫొటోలో మధ్యన నిలబడాలి అన్నంతవరకే ఆయనకు ఫుట్‌బాల్ తెలుసు.

పెద్దాయనకు ఎక్కడో చురుక్కుమందని కార్యదర్శి లోలోపలే నవ్వుకున్నాడు. పోనీ, ఈ ఒక్క పూటే కదా!

గురువుగారిని సాగనంపాలన్న ఆలోచన అతనిదే. ఆయన కప్పులు తెచ్చిన మాట నిజమే కానీ, కమిటీ మాటంటే ఆయనకు పూచికపుల్లతో సమానం. అధ్యక్షుడి అల్లుణ్ణి జట్టులో వేసుకోమంటే, "పరిగెత్తడం వచ్చాక పంపండి," అన్నారు. అందుకని కార్యదర్శి ఏడాదిపాటు ఆయన చెవిలో జోరీగలా, "ఆరోగ్యం జాగ్రత్త గురువుగారూ, మనవలతో హాయిగా గడపండి గురువుగారూ," అంటూనే ఉన్నాడు. చివరికి ఒకరోజు ఆయన మెత్తగా, "నిజమే నాయనా, మోకాళ్ళు మొండికేస్తున్నాయి. వెళ్ళిపోతాను. నా తరవాత ఎవరన్నది మాత్రం నన్నే చెప్పనివ్వండి," అన్నారు.

ఆ రోజు కార్యదర్శి ఇంటికి వచ్చి భార్య ముందు కాలర్ ఎగరేశాడు.

"పాతికేళ్ళ కుర్చీ, అంత తేలిగ్గా వదిలేశారా?" అందావిడ.

"మాటతీరు ఉండాలోయ్! నొప్పి తెలియకుండా పన్ను పీకేశాను."

"మీరు పీకారో, ఆయనే ఊడదీసి మీ చేతిలో పెట్టారో!"

ఆడవాళ్ళకు రాజకీయాలేం తెలుస్తాయని అతను కూర కలుపుకున్నాడు.

ఇప్పుడు ఆ కుర్చీ కోసం రెండోవాడు గదిలోకి వచ్చాడు. ఒకప్పుడు గురువుగారి దగ్గరే గోల్‌కీపర్‌గా ఆడినవాడు. కుర్చీలో సరిగా కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"రెండో సగంలో మనవాళ్ళు నాలుకలు వేలాడేస్తున్నారు. ముందు వాళ్ళచేత పరుగులు తీయించాలి. జట్టులో ఎవరుండాలో నేనే చూసుకుంటా. సిఫార్సులు నా దగ్గర చెల్లవు."

అధ్యక్షుడికి అల్లుడు గుర్తొచ్చాడు కాబోలు, దగ్గు తెర వచ్చింది.

అతను వెళ్ళాక గురువుగారు తల అడ్డంగా ఊపారు. "నేను పెంచినవాడే. కానీ కోపిష్టి. కమిటీని లెక్కచెయ్యడు."

"అయితే వద్దే వద్దు!" అన్నారు అధ్యక్ష కార్యదర్శులు ఒకే గొంతుతో.

మూడోవాడు గురువుగారి సహాయకుడు. క్లబ్బులో అందరూ అతణ్ణి 'అవునండి' అంటారు. కూర్చోమంటే అవునండి, మంచినీళ్ళు కావాలా అంటే అవునండి, వద్దా అన్నా అవునండి.

"నా కుర్చీలోకి వస్తే ఏం మారుస్తావయ్యా?" అడిగారు గురువుగారు.

"అయ్యయ్యో, మార్చడమా! ఆ గోడమీది పటంలో మీరు ఎవర్ని ఎక్కడ నిలబెట్టారో వాళ్ళక్కడే. కార్నర్ ఎవరు కొట్టాలో, పెనాల్టీ ఎటు తన్నాలో, అంతా మీరు నేర్పినట్టేనండి."

"ఎడమవైపు?"

"అదీ అంతేనండి."

"ఈ సీజన్ మొత్తం?"

"ఒట్టండి. వీసమెత్తు కూడా మార్చనండి."

గురువుగారి కళ్ళు చెమర్చాయి. లేచి అతని భుజం తట్టారు. "ఇతనే. ఇంక వేరే మాట లేదు."

కార్యదర్శికి లడ్డూ వచ్చి నోట్లో పడ్డట్టయింది. బూట్ల లేసు కట్టుకోవాలన్నా కమిటీని అడిగే మనిషి దొరికాడు! అధ్యక్షుడైతే గురువుగారి రెండు చేతులూ పట్టుకుని, "పక్క ఊరివాళ్ళు మేనేజర్ దొరక్క తల పట్టుకుంటున్నారు. మీరు మాకు ఏ లోటూ లేకుండా చేసి వెళ్తున్నారు," అన్నాడు.

"నాదేముంది బాబూ! పాపం, ఆ ఇద్దరూ ఆశపడి వచ్చారు. ఉట్టి చేతులతో పంపితే బావుండదు. కాఫీ తాగించి నేనే సర్దిచెప్తాను," అంటూ గురువుగారు బయటికి నడిచారు. మోకాళ్ళనొప్పి మనిషి మెట్లు చకచకా దిగడం చూసి, బరువు దిగింది కదా పాపం, అనుకున్నాడు కార్యదర్శి.

సీజన్ మొదటి మ్యాచ్ పక్క ఊరి జట్టుతోనే పడింది. మైదానం కిటకిటలాడుతోంది. ముందు వరసలో మెత్తటి కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది.

"గురువుగారు రాలేదేమయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

"పొద్దున ఫోన్ చేశానండి. మైదానంలోనే కలుద్దాం నాయనా అన్నారు."

ఇంతలో పక్క ఊరి జట్టు బయటికి వచ్చింది. వాళ్ళ వెనక బంతుల సంచి మోసుకుంటూ మాజీ గోల్‌కీపర్. అతని పక్కన, గోడమీది పటం లాంటిదే ఒకటి చుట్టి చంకలో పెట్టుకుని, ఆవిడ.

"చూశారా? మనం పారేసిన సరుకంతా ఏరుకున్నారు!" అన్నాడు కార్యదర్శి. అధ్యక్షుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

వాళ్ళ వెనకే, ఆ జట్టు చొక్కా తొడుక్కుని గురువుగారు వచ్చారు.