బుచ్చమ్మ పెంపకం

బుచ్చమ్మ ఠాణా మెట్లెక్కింది. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదామె. శామీర్‌పేట అవతల కొత్తగా వేసిన ప్లాట్లలో హద్దురాళ్ళు పీకేశారని అయిదుగురు కుర్రాళ్ళను పట్టుకొచ్చారు. అందులో ఆమె కొడుకు అన్వేష్ ఒకడు. పందొమ్మిదేళ్ళవాడు, ఒక్కగానొక్కడు. బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాడు. తల్లిని చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

భర్త ప్రతాప్ మీటింగు ఉందని పట్నంలోనే ఆగిపోయాడు. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, నువ్వే పోయి ఎట్లనన్నా పని సక్కబెట్టుకు రమ్మన్నాడు. పిల్లగాడి బతుకు గట్టెక్కితే యాటను కోస్తానని పోచమ్మకు మొక్కి బయల్దేరింది.

ఎస్సై శ్రీనివాస్ ఆ ఠాణాకు వచ్చి వారమే అయింది. ట్రైనింగులో చదివింది ఇంకా మర్చిపోలేదు. ఆమెను కూర్చోమనైనా అనకుండా మొదలుపెట్టాడు. పిల్లలు చెడిపోవడానికి మూలం ఇల్లేనన్నాడు. తండ్రికి తీరిక ఉండదు, తల్లికి గారాబం తప్ప తెలియదు, ఇక వాడు ఠాణాకు రాక గుడికి వెళ్తాడా అన్నాడు. పక్కనున్న హెడ్డు కుర్మయ్య ఏదో చెప్పబోయి, సారు చూపు చూసి రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

బుచ్చమ్మ ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తప్పంతా తన పెంపకానిదేనని ఒప్పుకుంది. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పని రోజు లేదట. వింటేగా. కాలేజీ అయ్యాక నేరుగా ఇంటికి రాడు. దుండిగల్‌లో ఎవరో దోస్తుల గదిలో కూర్చుంటాడు. ఏం చేస్తున్నావురా అంటే నీకు సమజ్ కాదంటాడు. చుట్టాల్లో తలెత్తుకోలేక ఆమె పెళ్ళిళ్ళకు పోవడమే మానేసింది.

"వాళ్ళ తాత ఎసొంటోడు, వాళ్ళ నాయిన ఎసొంటోడు సారూ. గిదే ఈడుల మా ఆయన జీపు దిగితే బజారంత లేశి నిలవడుతుండె. వీడు ఎవల పోలికనో, నా కడుపున ఎట్ల పుట్టిండో."

ఎస్సై మెత్తబడ్డాడు. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు.

"ఊరుకోండమ్మా. మీవాడు ఊరికే పక్కన నిలబడ్డాడట, రాయి ముట్టుకోలేదని తక్కిన నలుగురూ చెప్పారు. కేసులో వాడి పేరు రాయడం లేదు. ఇంటికి తీసుకెళ్ళండి."

బుచ్చమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఏం జరుగుతుందని భయపడిందో అదే జరిగింది. లేచి రెండు చేతులూ జోడించింది.

"గట్లనకు సారూ, నీ కాల్మొక్త, తాతకు ఏడు కేసులు, నాయినకు పదకొండు, వీనికి గీ ఒక్కటన్న రాయకపోతే రేపు సర్పంచికి నిలవడ్డనాడు ఊర్ల ఎవడు దేకుతడు?"