వాన చెప్పే ముక్క

మిలాదిన్ ఆ గదిలోకి వెళ్లేలోపు కావలసిన పనులు చాలా ఉన్నాయి. బెల్టు తీయాలి. గడియారం, పెళ్లి ఉంగరం, మెడలో శిలువ తీయాలి. దిష్టి తగలకుండా బనియనుకు భార్య ఎర్రదారంతో కట్టిన పిన్నీసు విప్పాలి. కట్టుడు పళ్లు గ్లాసులో వేయాలి. ఫారంలో ఇరవై ప్రశ్నలకు అవుననో కాదనో జవాబు చెప్పాలి. అన్నిటికంటే ముందు, పదకొండో ప్రశ్న వచ్చేలోపు భార్య కోసరను ఎలాగైనా అక్కడినుంచి పంపించేయాలి.

పంపించలేకపోయాడు.

“ఒంట్లో ఎక్కడైనా తూటా గానీ, గుండు ముక్క గానీ, ఇనుము లాంటిది ఏదైనా ఉందా పెద్దాయనా?” అని అడిగింది నెవెన. ఆ ఎమ్మారై గదిలోకి ఎవరు వెళ్లాలన్నా ఆమె సరేననాలి.

“ఎందుకు లేదమ్మా?” కోసర అందుకుంది. “యుద్ధంలో తగిలింది. ఎడమ డొక్కలో ఉంది ఫిరంగి గుండు ముక్క. దుబ్రావలో ఎవరినడిగినా చెప్తారు. ఈయన డొక్క పట్టుకున్నాడంటే వాన పడాల్సిందే. మా ఊళ్లో గడ్డి కోసేది రేడియో విని కాదు, ఈయన డొక్క చూసి.”

నెవెన కలం ఆగింది.

“అయితే ముందు ఎక్స్‌రే తీయాలి. ముక్క ఉంటే ఈ రోజు లోపలికి పంపను. అక్కడున్నది పెద్ద అయస్కాంతం. రాత్రీ పగలూ ఆగదు. ఒంట్లో ఇనుముంటే కదిలిస్తుంది.”

ఇవాళ కాకపోతే ఎలా అనుకున్నాడు మిలాదిన్. మూడు నెలలుగా కుడిచేతిలో చెంచా నిలవడం లేదు. పోయిన వారం ట్రాక్టరు మీద కూర్చుని ఇంటికి దారేదో మరిచిపోయాడు. తలలో ఏముందో తొందరగా చూడాలన్నాడు డాక్టరు. తొందరగా అంటే ఇవాళ్టికి దొరికింది. ఇది పోతే మళ్లీ వంతు చలికాలం దాటాకే. అప్పటిదాకా తనుంటాడో లేదో ఎవరూ చెప్పలేదు.

“కోసరా, కిందకెళ్లి కాఫీ తాగిరా.”

“ఇప్పుడు కాఫీ ఏంటయ్యా?”

“పొద్దుట్నుంచీ ఏమీ తాగలేదు నువ్వు.”

ఇన్నేళ్ల కాపురంలో మొగుడు తన కాఫీ సంగతి అడగడం అదే మొదటిసారి. కోసర అనుమానంగా చూస్తూనే లిఫ్టు ఎక్కింది.

తలుపు మూసుకోగానే మిలాదిన్ ముందుకు వంగాడు.

“తల్లీ, ముక్కా లేదు, ముల్లూ లేదు. నేను యుద్ధంలో వంటవాణ్ని. ఒకరోజు వంట డేరా పక్కన గుండు పడింది. చిక్కుడు గింజలు ఉడుకుతున్న డేగిసా ఎగిరొచ్చి నా మీద బోర్లాపడింది. డొక్క కాలింది. మలాం రాసి ఇంటికి పంపారు. చిక్కుడు పులుసుతో గాయపడ్డానని ఊళ్లో ఎట్లా చెప్పను?”

“మరి వానకి నొప్పో?”

“నొప్పి నిజమే. అది రుమెంక తన్నిన తన్ను.”

“రుమెంక ఎవరు?”

“మా ఆవు. నేనింటికొచ్చిన వారానికి పాలు పితుకుతుంటే డొక్కలో చురుక్కుమంది. ఆ కొట్టంలో అది తప్ప ఇంకెవరున్నారు? అప్పట్నుంచీ మబ్బు పడితే చాలు, పోటు. మర్నాడే కసాయికి అమ్మేశాను.”

నెవెన పెదవి బిగబట్టి ఫారంలోకి చూసింది.

“నవ్వితే నవ్వావు గానీ, అక్కడ లేదని రాసెయ్. నన్ను లోపలికి పంపు.”

“ఆమె ఉందంటోంది. మీరు లేదంటున్నారు. నేను ఇద్దరి మాటా రాయను. ఎక్స్‌రే ఏం చెప్తే అది రాస్తాను.”

“నా డొక్క సంగతి నాకు తెలీదా?”

“ఇన్నాళ్లూ ఊరందరికీ తెలిసింది కదా. పదండి.”

ఎక్స్‌రే రెండు నిమిషాల్లో అయిపోయింది. బయట బల్ల మీద కూర్చున్న మిలాదిన్‌కు ఒళ్లు తేలికైనట్టనిపించింది. నిజం ఒకసారి బయటికొచ్చాక దాన్ని మళ్లీ లోపల పెట్టుకోవడం కష్టమనీ తెలిసింది. ఇంకాసేపట్లో ఆ యంత్రంలోకి వెళ్తాడు. తల లోపల ఏం కనిపిస్తుందో. ఆలోపు చెప్పాల్సిన మనిషికి చెప్పేయాలి.

కోసర కాగితం కప్పుతో వచ్చి పక్కన కూర్చుంది. మిలాదిన్ నేల చూస్తూ అంతా చెప్పాడు. డేగిసా, చిక్కుడు గింజలు, ఆవు.

కోసర కప్పు బల్ల మీద పెట్టేసింది. కాఫీ చల్లారింది.

“ముసలిదైపోయిందని అమ్మానన్నావు,” అంది చివరికి.

“నిజం చెప్తే ముక్క సంగతి బయటపడదూ?”

“నువ్వు వంటవాడివైతే నాకేం? ఇంట్లో ఒక్కరోజైనా వండిపెట్టుంటే అప్పుడే చెప్పుండేదాన్ని, మా ఆయన గొప్ప వీరుడని. కానీ రుమెంకను అనకు. అది ఎవర్నీ తన్నే రకం కాదు.”

“నన్ను తన్నింది.”

“తన్నడం చూశావా?”

“తగిలాక చూడ్డమెందుకే?”

కోసర మొహం అటు తిప్పుకుంది. ఊళ్లో ఎవరెంత నవ్వినా పడతాడు గానీ ఆ తిప్పుకోవడం చూడలేకపోయాడు మిలాదిన్.

నెవెన ఫిల్ము పట్టుకుని వచ్చింది. ఎదురుగా నిలబడింది.

“పెద్దాయనా, మిమ్మల్ని లోపలికి పంపడం కుదరదు. డాక్టరుగారితో మాట్లాడాను. అయస్కాంతం లేని వేరే యంత్రముంది, రేపు పొద్దున్నే అందులో తల చూస్తారు.”

“ఎందుకు కుదరదు? నిజం చెప్పాను కదా తల్లీ, ఈవిడక్కూడా చెప్పేశాను.”

నెవెన ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది.

అందులో ఎడమ పక్కటెముకల కింద గోధుమగింజంత ఇనుపముక్క తెల్లగా వెలుగుతోంది. ఇది చదివినవాళ్లు, తను చేయని నేరానికి కసాయి వెంట నడిచివెళ్లిన రుమెంకను వీలైతే ఒక్కసారి తలుచుకోండి.