అరిగేలోపు

"ఎవరు ముట్టుకున్నారు దాన్ని?" జాహ్నవి అరుపుకి ఇల్లంతా అదిరింది.

గాజుపెట్టెలో ఆమె పెంచుకుంటున్న కొండచిలువ, నిన్న మింగిన ఎలుకను అరిగీ అరగకుండానే కక్కేసి, ఓ మూల చుట్టుకుని పడివుంది.

"నేనే," అన్నాడు ఆమె తండ్రి చక్రధర్. "వారం నుంచీ మోషన్ లేదు. పొట్ట చూస్తే ఉబ్బిపోయింది. ఆముదం రాసి నిమిరాను. చిన్నప్పుడు నీకు రాయలేదూ?"

"డాడీ, స్నేక్స్ రోజూ పూప్ చెయ్యవు! వీక్స్ పట్టినా నార్మలే. తిన్నాక వదిలెయ్యాలి. అరిగేలోపు పట్టుకుంటే, భయపెడితే, మొత్తం వామిట్ చేసేస్తుంది. దానికేం జబ్బు లేదు. నువ్వే దాన్ని స్కేర్ చేశావ్!"

"గొంతు తగ్గించు! పాము మీదున్న శ్రద్ధ చదువు మీద లేదు. అన్నానికి రా, మాట్లాడాలి."

కంచం ముందు కూర్చోగానే ఆయన మొదలుపెట్టాడు. కెమిస్ట్రీలో ఆ బి గ్రేడు ఏమిటి? ఇలాగైతే ఏ కాలేజీ రానిస్తుంది? ఎవరి కోసం చాకిరీ చేస్తున్నాను నేను? ముద్దముద్దకీ ఆయన గొంతు పెరుగుతూనే ఉంది.

జాహ్నవి కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, మేడ మీదికి వెళ్ళిపోయింది.

పైన బాత్రూమ్ తలుపు పడింది. కుళాయి నీళ్ళు ధారగా పడుతున్నాయి. రోజూ ఇంతే. నీళ్ళు వృథా చేస్తోందని చక్రధర్ రోజూ కింద నుంచే కసురుతాడు.

ఇవాళా కసరడానికే మెట్ల దాకా వచ్చాడు. నీళ్ళ చప్పుడు వెనక ఆమె డోకుతున్న శబ్దం వినిపించింది.

ఆముదం జిడ్డు వదలని చెయ్యి మెట్ల కమ్మీ మీద అలాగే ఉండిపోయింది.