రెండో ముడి

"ఇదేంటమ్మా, కొన్ని పెట్టెలకి ఒక ముడి, కొన్నింటికి రెండు ముళ్లు?"

ఆడిటరమ్మ మామూలుగానే అడిగింది. కానీ తూకం దగ్గరున్న నలుగురూ చేతిలో పని ఆపేశారు.

చేపల పెట్టెలకి ట్యాగులు కట్టే మనిషి లేచి నిలబడింది. నలభై దాటి ఉంటాయి. ఐసులో నాని నాని వేళ్లు పగిలిపోయాయి. ఫ్యాక్టరీలో అందరూ ఆమెని ట్యాగులత్త అంటారు.

"కొన్ని జారిపోతాయమ్మా," అంది.

"ఏవి జారిపోతాయి?"

ట్యాగులత్త పక్కనే ఉన్న మేనేజరు వైపు చూడలేదు. ఆడిటరమ్మ కళ్లలోకే చూసింది.

"మీరు చూడండమ్మా. చూస్తే మీకే తెలుస్తుంది."

మేనేజరు నవ్వేశాడు. ఆవిడకి చదువు రాదు, హాజరుకి వేలిముద్ర వేస్తుంది, గుమాస్తా అచ్చేసిచ్చిన ట్యాగులు కట్టడం వరకే ఆవిడ పని, ఆ మాటలు పట్టించుకోకండి మేడం అన్నాడు. కాఫీ చల్లారిపోతోందని కూడా గుర్తుచేశాడు.

చూడటానికే వచ్చిన మనిషికి చూడమని చెప్పాల్సి రావడమే ఒక విడ్డూరం. చెప్పినా ఆవిడ చూడలేదు.

ఈ ఫ్యాక్టరీ చేపల ప్యాకెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది. పెద్ద కన్నుల వలతో, సముద్రాన్ని పాడుచెయ్యకుండా పట్టిన చేప అని దానర్థం. ప్యాకెట్ నుంచి పెట్టెకి, పెట్టె నుంచి పడవకి వెనక్కి వెళ్లి అది నిజమో కాదో తేల్చడమే ఆడిటరమ్మ ఉద్యోగం.

పైగా ఈసారి ఆవిడ ఆఫీసుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది.

రెండు కాగితాలు. పిన్ను కూడా లేదు, మూలకి చిల్లు పొడిచి దారంతో కట్టారు. ఎవరూ పోల్చుకోకూడదని కాబోలు, చిన్నపిల్లల రాతలా గుండ్రంగా రాశారు.

'లారీలో దొంగచేప వస్తోంది. సన్నవలతో పిల్లచేపలతో సహా ఊడ్చేసిన చేప. దాన్ని మా పడవల చేపలో కలిపేస్తున్నారు. ఒడ్డు దగ్గర మాకేం మిగల్లేదు. మావాళ్లు చిన్న పడవల్లో దూరం పోతున్నారు. భయంగా ఉంది. త్వరగా రండి.'

రాసిందెవరో కనిపెట్టాలని ఆవిడ పొద్దున్నుంచీ కంప్యూటరు గుమాస్తా మొహం చూసింది. ల్యాబు అమ్మాయి మొహం చూసింది. ఎవరైనా పక్కకి పిలుస్తారేమోనని రెండుసార్లు ఒంటరిగా వరండాలోకి వెళ్లి నిలబడింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

కాగితాలు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఆరు పెట్టెలు ఎంచి చూసింది. ఆరూ సరిపోయాయి.

అంత దూరం వచ్చి ఏ తప్పూ రాయకుండా వెళ్తే పై అధికారి ఊరుకుంటాడా? 'ట్యాగులు నిబంధన ప్రకారం కట్టడం లేదు' అని ఒక చిన్న లోపం రాసి సంతకం పెట్టింది.

నాలుగో రోజుకల్లా మేనేజరు జవాబు వచ్చేసింది. లోపం సరిదిద్దాం, బాధ్యురాలిని పనిలోంచి తీసేశాం.

అయ్యో, ఇంత చిన్నదానికా అనుకుంది. అనుకుని, 'ముగిసింది' అన్న గడిలో టిక్కు పెట్టింది.

నెల దాటాక ఫైలు బీరువాలో పెట్టబోతూ ఆ రోజు తీసిన ఫొటోలు ఊరికే తిరగేసింది.

రెండు ముళ్లున్న పెట్టెలు పదకొండు. తను ఎంచి చూసిన ఆరింటికీ ఒకటే ముడి. రెండు ముళ్లవాటిని తప్పు కింద రాసుకుందే తప్ప, వాటి వెనక్కి వెళ్లనే లేదు.

తూకం స్లిప్పులు తీసింది. పదకొండు పెట్టెలూ పొద్దున ఏడింటికి తూకమయ్యాయి. రేవు రిజిస్టరు ప్రకారం, వాటి ట్యాగుల మీదున్న పడవ ఒడ్డుకి చేరింది పదింటికి.

ఏది దొంగచేపో ఒక్కో పెట్టెకీ గుర్తు పెట్టి మరీ చూపించింది ఆ మనిషి. ఆ గుర్తునే తప్పని రాసి, తను ఆమె నోటి దగ్గర కూడు లాగేసింది.

వారంలో ఫ్యాక్టరీకి ముద్ర రద్దయింది. ఆ ఉత్తర్వు నకలు సంచిలో పెట్టుకుని, ట్యాగులత్త ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. కాళ్లు పట్టుకునైనా క్షమించమని అడగాలనుకుంది.

రేవు వెనక వరస ఇళ్లు. పదేళ్ల కూతురు గడపలో కూర్చుని వల చిక్కులు తీస్తోంది. పక్కన కంచంలో పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

"అమ్మ ఉందామ్మా?"

"నాన్నతో పడవలో వెళ్లింది. నాన్నకి తోడు మనిషి దొరకలేదు. అమ్మకి పని కూడా లేదుగా."

"ఎప్పుడొస్తారు?"

"రెండు రోజుల్లో వస్తామన్నారు. దగ్గర్లో చేప లేదుగా, దూరం వెళ్లారు." పిల్ల వల మీంచి తల ఎత్తలేదు. "పదమూడు రోజులైంది."

పక్కింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ, పిల్లకి కనబడకుండా, ఇక రారన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆడిటరమ్మ సంచిలోంచి ఆ ఉత్తర్వు రెండు కాగితాలూ తీసి పిల్ల చేతిలో పెట్టింది. మీ అమ్మ చూపించింది నిజమని తేలిందమ్మా, ఇందులో అదే రాశాం, అమ్మ వస్తే ఇవ్వు అంది. ఆ 'వస్తే' అన్న మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనని తనే తిట్టుకుంది.

పిల్ల కూడబలుక్కుంటూ కాగితం పైనున్న ఆఫీసు పేరు చదివింది. రెండు కాగితాలూ అంచులు సరిచేసి మూలకి చిల్లు పొడిచింది. వల దారం ముక్క దూర్చి ఒక ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి బిగించింది.

"రెండెందుకమ్మా?" అంది ఆడిటరమ్మ.

"ఈ ఆఫీసుకి ఉత్తరం రాసినప్పుడూ ఇలాగే కట్టాంగా," అంది పిల్ల. "అమ్మ చెప్తుంటే నేను రాశా, ముళ్లు మాత్రం అమ్మే వేసింది."