'చెవి' నడిపిన కారు

"మలుపుల్లో మాటలొద్దు, ఇంజనీరమ్మా. ఏదైనా అడగాలంటే కారు ఆపాక అడుగు."

స్టీరింగ్ ముందు కూర్చున్న ఎర్మెస్ మాటకు, పక్క సీట్లో బెల్టు పెట్టుకుంటున్న సాబీనాకు ఒళ్లు మండింది. మూడేళ్లు తిండీ నిద్రా మానుకుని ఈ కారుకు తెలివితేటలు నేర్పింది తను. ఎదురుగా ఏదొచ్చినా కారు కేకేసి చెబుతుంది. గీత దాటితే గద్దిస్తుంది. కునుకు పడితే లేపుతుంది. మీటలన్నీ పీకించి, వాటి స్థానంలో మూరెడు గాజు తెర పెట్టించింది. ఇటలీలోని ఈ మోదెనా ఊళ్లో ఖరీదైన కార్లకు కొదవ లేదుగానీ ఇంత తెలివైనది ఇంతకుముందు పుట్టలేదు.

అలాంటి కారును చూసి, "సగం పీకేయండి. అంత డబ్బు పోసేవాడు కారు కొనుక్కుంటాడు, అత్తగారిని కాదు" అన్నాడు ఎర్మెస్.

ఇంకెవరైనా అంటే యజమాని గ్రాత్సియానో నవ్వి ఊరుకునేవాడే. కానీ ఎర్మెస్ ముప్పై ఏళ్లుగా ఆ సంస్థ కార్లన్నిటినీ కొండదారిలో నడిపి మంచిచెడ్డలు చెబుతున్న మనిషి. ఫ్యాక్టరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. 'చెవి' అంటారు. వయసులో ఉన్నప్పుడు క్యాంటీన్లో కూర్చుని, గేటు దాటిపోతున్న కారు చప్పుడు విని, మూడో సిలిండర్లో వాల్వు తేడాగా ఉందన్నాడట. విప్పి చూస్తే నిజమే.

ఇద్దరి మధ్యా నలిగిపోయి గ్రాత్సియానో ఒక మాట చెప్పాడు. ఇద్దరూ అదే కారులో కొండెక్కి దిగి రావాలి. వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే మాటైతే దాని ప్రకారం చేస్తాడు. లేదంటే కారు ఉన్నదున్నట్టు అమ్మకానికి పోతుంది. అదే జరిగితే ఇకమీదట కార్లను పరీక్షించే పని కంప్యూటర్లది. ఎర్మెస్ ఇంటికి పోవడమే. సాబీనా ఊ అనకుండా ఉంటే చాలు.

బయల్దేరే ముందు ఎర్మెస్ జేబులోంచి చిన్న గుండ్రటి అద్దం తీసి డాష్‌బోర్డుకు అతికించాడు. దాన్ని రోడ్డు వైపు కాకుండా సాబీనా ముఖం వైపు తిప్పాడు. పక్కవాళ్ల ముఖం చూస్తే కారు ఎలా పోతోందో తెలుస్తుందన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుందామె.

పావుల్లో అనే ఊరు దాటాక మంచు కమ్మింది. రోడ్డంతా తడిసిన ఆకులు. కారు మోతలు మొదలుపెట్టింది. గీత దాటారంది. వేగం తగ్గించమంది. అంచు దగ్గరైందని గోల పెట్టింది. ఎర్మెస్‌కు దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా పోనిస్తున్నాడు.

సొరంగంలోకి దూరగానే సాబీనా ఉండబట్టలేక నెమ్మదిగా పొమ్మంది. జవాబు లేదు. వెలుతురులోకి వచ్చాక మళ్లీ అంది. ఈసారి చిన్న అద్దంలోకి ఓ చూపు విసిరి, అలాగేనని వెంటనే తగ్గించాడు. ఎంత పొగరో అనుకుంది.

తరువాతి మలుపుకు అవతల ఏదో లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. కారు కూడా గొంతు చించుకుంటోంది. ఎర్మెస్ కాలు మాత్రం కదల్లేదు. పందుల లారీ ముక్కు మంచులోంచి బయటపడ్డాకే స్టీరింగ్ ఒక్క పిసరు తిప్పాడు. జానెడు సందులోంచి జారి బయటపడ్డారు.

ఆయన నుదుట చెమట చుక్క కూడా లేదు. అప్పుడు సాబీనా గమనించింది, తన వేలు గాజు తెర మీద ఉంది. ఆ మోత ఆపే చోటు కోసం ఇంతసేపూ తడుముకుంటోంది. తనే నడుపుతూ ఉంటే, ఆ గోలకు కంగారుపడి, తెరలో వెతుక్కుంటూ నేరుగా లారీ కిందికి పోయేది. తను చేసిన దాన్ని తలుచుకుని ఆమెకు మొదటిసారి భయం వేసింది.

రెండు కిలోమీటర్లు పోయాక ఎర్మెస్ స్టీరింగ్‌కు అరచేతులు గట్టిగా ఆనించి చూసి, కారు పక్కకు తీసి ఆపాడు.

"కుడి ముందు చక్రం. బేరింగ్ పోతోంది."

తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. సాబీనా చెవులు రిక్కించి విన్నది. ఏమీ లేదు. ఆయన దిగి, జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. చక్రం ఊడే పన్నులా కదిలింది. ఇంకో పది మలుపులు పోయి ఉంటే లోయలో తేలేవాళ్లు.

ఆమె ఎక్కువ ఆలోచించలేదు. ఫోను తీసి గ్రాత్సియానోకు రాసింది. ఎర్మెస్ మాటే తన మాట. మోతలు వద్దు, తెర వద్దు, మీటలు పెడదాం. నిమిషంలో జవాబొచ్చింది, సరేనని. ఫోను ఎర్మెస్ చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు.

సాబీనా చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. మూడేళ్ల కష్టం గంగపాలైనా మనసు తేలిగ్గానే ఉంది. వెనక్కి తిరగకుండానే చక్రాన్ని చేత్తో తిప్పుతూ అడిగింది.

"ఒక్కటి చెప్పండి, ఎర్మెస్ గారూ. అంత గోలలో ఇది మీకెలా వినపడింది?"

పలకలేదు. మళ్లీ అడిగింది. అప్పుడూ పలకలేదు. గెలిచాక కూడా ఇంత బెట్టా అనుకుంది. అంతలో ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడింది.

"ఇటు తిరిగి చెప్పు తల్లీ, నాకు వినపడక ఆరేళ్లయింది."