ఎవరి మనిషి

"రెండు సెకండ్లు చాలవప్పా. నాలుగు ఇయ్యండి."

టేబుల్ ముందు నిలబడిన ముసలాయన్ని సుదర్శన్ ఎగాదిగా చూశాడు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

సుదర్శన్‌కు కడపలో స్పేర్‌పార్టుల అంగడి ఉంది. ఊరి బయట మైదానంలో ఏటా జీపుల పందెం పెట్టిస్తాడు. డ్రమ్ముల మధ్య మెలికలు తిరిగి ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్లదే కప్పు.

2006లో కొందరు బెంగళూరు నుంచి పందెం టైర్లు తెచ్చుకున్నారు. దాంతో గొడవలు మొదలయ్యాయి. మామూలు రోడ్డు టైర్లతో తోలేవాళ్ల సమయంలో రెండు సెకండ్లు తగ్గిస్తామని సుదర్శన్ రూలు పెట్టాడు. ఆ రెండు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయో ఆయన్నే అడగాలి.

"నాలుగే ఎందుకు?"

"ఒకే జీపుకు రెండు రకాలూ ఏసి తోలి చూసినా. ఇట్లాంటి మట్టిలోనే. నాలుగు తేడా వస్తాండాది."

"ఎవురి జీపు?"

ముసలాయన జీపుల వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వు ఎవురి తరపు మనిషివి పెద్దాయనా?"

"ఎవురి తరపూ కాదు. ఉండేది చెప్తాండా."

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈ సీమలో నోరు తెరిచిన ప్రతివాడూ ఏదో ఒక పక్షం మనిషే అయి ఉండాలి. అదేదో కనిపెడితే చాలు, చెప్పిన మాట వినక్కర్లేదు.

చివరికి మిగిలింది ఇద్దరే. పందెం టైర్లతో ఆలూరు భూపేష్, రోడ్డు టైర్లతో రాయచోటి నారాయణ. నారాయణ తోలేది బాడుగ జీపు. ఐదేళ్లుగా రెండోవాడిగానే ఇంటికి పోతున్నాడు. సోమవారం ఓనరు ఆ జీపు అమ్మేస్తున్నాడు. ఇక పందేనికి రావడం ఉండదు. భూపేష్ అప్పటికే దూరంగా తన జీపు దగ్గరికి పోయాడు, నారాయణ ఇంకా టేబుల్ దగ్గరే ఉన్నాడు.

"నారాయణా, నీ మనిషినా ఈయన?"

"ఎవురో నాకు తెల్దన్నా."

"తెలీని మనిషి నీకోసం ఇంత ఎండలో వాదిస్తాండాడా?"

నారాయణకు వాదించే ఓపిక లేదు.

"పోనీలే అన్నా. రెండే ఇయ్యి," అని జీపెక్కాడు.

"విన్యావు కదా పెద్దాయనా. ఇంగ పో. నారాయణ తరపున చెప్పింది సాలు."

ముసలాయన జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి జనంలోకి వెళ్లాడు.

భూపేష్ అరవై ఒక్క సెకండ్లలో వచ్చాడు. నారాయణకు అరవై నాలుగు పట్టింది. రెండు తీసేస్తే అరవై రెండు. ఒక్క సెకండుతో కప్పు పోయింది.

నారాయణ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు దిగలేదు. నాలుగు ఇచ్చి ఉంటే గెలిచేవాడని అందరికీ తెలుసు.

సుదర్శన్ భూపేష్‌కు కప్పు అందించి, మైకు చేతికిచ్చాడు.

"నాకు జీపు నేర్పింది మా నాయన," అన్నాడు భూపేష్. "ఈ టైర్లు బిగించింది గూడా ఆయనే. పొద్దున్నుంచీ ఈ జనంలోనే ఉండాడు. అదో, ఆడ పోతాండాడు. ఈ కప్పు ఆయనకే ఇయ్యల్ల."

సుదర్శన్ తిరిగి చూశాడు.

భూపేష్ వేలు చూపించిన చోట, నారాయణ మనిషని తాను పంపేసిన ముసలాయన రోడ్డు మీద ఒంటరిగా బస్సెక్కుతున్నాడు.